తోక రెక్కకో మడతబందు

పొద్దున్నే అన్నం ముందు కూర్చున్న మొగుడు "నీ తల వెంట్రుకలు ఓ నాలుగు ఇస్తావా" అని అడిగితే ఏ ఆడదానికైనా ఒళ్ళు మండుతుంది. ఫుసాయెకీ మండింది. సూపు గరిటె చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"ఎందుకట?"

"విమానం తోక రెక్కకి. మడతబందు కుట్టాలి," అన్నాడు క్యూసాకు, ముల్లంగి ఊరగాయ ముక్క కరకరా నములుతూ. "నావి పొట్టి. పైగా ఉన్నవే నాలుగు."

"ఇన్నేళ్ళ కాపురంలో నా జుట్టు మీ కంటపడటం ఇదే మొదలు. అదీ విమానం తోక కోసం!"

"మీ అన్నయ్యే కదా అడిగాడు."

ఆ మాటతో ఫుసాయె గరిటె కింద పెట్టింది. మామూలు రోజుల్లో అయితే గరిటెతోనే జవాబు చెప్పేది. ఇవి మామూలు రోజులు కావు. సణుక్కుంటూనే ముడి విప్పింది.

ఫుసాయె సంగతి చెప్పాలంటే ముందు ఈ ఇద్దరు మగాళ్ళ సంగతి చెప్పాలి, ఆవిడ బాధంతా అదే. ఆవిడ అన్న యసుహెయి మినో ఊరి బస్సు నడిపేవాడు. క్యూసాకు తండ్రి దగ్గర నేర్చుకున్న పని చేసుకునేవాడు: తలుపులకు కాగితం అతకడం, గదిలో అడ్డంగా నిలబెట్టే మడత తెరలు కట్టడం. పెళ్ళిచూపులకని వాళ్ళింటికొచ్చిన క్యూసాకు పెళ్ళికూతురి వంక చూడలేదు, ఆమె వెనక దూలానికి వేలాడుతున్న బొమ్మ విమానం వంక చూశాడు. "దీని తోక కాస్త వంకరగా ఉందే" అన్నాడు. "నీకేం తెలుసోయ్" అన్నాడు యసుహెయి. సంబంధం అప్పుడే కుదిరిపోయింది. ఫుసాయెను అడిగింది తర్వాత.

అప్పటినుంచీ అదే వరస. కట్టేది క్యూసాకు, ఎగరేసేది యసుహెయి. ఎండాకాలం నాగరా నది ఒడ్డున పెద్దవి, చలికాలం మూతపడ్డ ప్రాథమిక పాఠశాల ఆటల హాల్లో చిన్నవి. చిన్నవంటే మరీ చిన్నవి, చేతిలో పెట్టుకుంటే కమలాపండంత బరువు కూడా ఉండవు. ఒకడు కట్టడం, ఒకడు వంకలు పెట్టడం, మధ్యలో ఫుసాయె ఇద్దరికీ టీ పోయడం. ఆవిడ చెవిలో జోరీగలా ఇన్నేళ్ళూ మోగిన మాట ఒక్కటే, మడతబందు.

తోకలో కదలని పలకొకటి, కదిలే పలకొకటి ఉంటాయి. రెంటినీ కలిపేదే మడతబందు. పెద్ద విమానానికి ఏది పెట్టినా సరిపోతుంది. చిన్నదానికి అలా కాదు. రెక్కను తిప్పే మోటారు బఠాణీగింజంత ఉంటుంది. మడతబందు బిగుసుకుంటే ఆ మోటారు తిప్పలేదు. వదులైతే గాల్లో రెక్క వణికిపోతుంది. బరువైతే తోక కుంగుతుంది. ఊడిందా, ఇక అంతే. గట్టిగా ఉండకూడదు, వదులుగా ఉండకూడదు, బరువు పడకూడదు, వదిలిపెట్టి పోకూడదు. వెనకటి అత్తలు కోడళ్ళకు పెట్టిన ఆంక్షలు కూడా ఇంత కఠినంగా ఉండేవి కావు.

క్యూసాకు పెట్టని వస్తువు లేదు. అంటించే టేపు వేశాడు, ఆటల హాలు చలికి జిగురు బిగిసి లేచిపోయింది. పల్చటి ప్లాస్టిక్కు పొర కోసి దూర్చాడు, మోటారు మూలిగి ఆగిపోయింది. ఆసుపత్రి గాజుగుడ్డ పెట్టాడు, అది జిగురంతా పీల్చేసుకుని ఎండి అట్టలా అయింది. ప్రతిసారీ యసుహెయి నుదురు కొట్టుకుని "దీన్ని తీసుకెళ్ళి మీ ఇంటి తలుపుకు పెట్టుకో" అనేవాడు. వాళ్ళ రాతలో మడతబందు అనాలంటే సీతాకోకచిలుకల జంట అని రాస్తారు. ఈ ఇద్దరి చేతిలో పడ్డ ఏ జంటా నాలుగు వారాలు కాపురం చేసిన పాపాన పోలేదు.

పోయిన శరత్తులో యసుహెయి పెరట్లో పండ్లు కోస్తూ కూలబడ్డాడు. కుడిచెయ్యి, కుడికాలు పోయాయి. వాటితోపాటు మాటా పోయింది. ఊరంతా వినేలా అరిచే మనిషి ఉలుకూ పలుకూ లేకుండా చక్రాల కుర్చీలో కూర్చున్నాడు. కూతురు చిహారు తపాలా ఆఫీసులో పనిచేస్తూ తండ్రిని చూసుకుంటోంది. మాట నేర్పడానికి వచ్చే అమ్మాయి మొదటి రోజే ఫుసాయెను పక్కకు పిలిచి చెప్పింది.

"ఆయన తలలో మాటలున్నాయండీ. దారి మూసుకుపోయింది, అంతే. ఎప్పుడో ఒక మాట బయటికొస్తుంది. వచ్చినప్పుడు మీరు దాన్ని పట్టుకోవాలి, అర్థం చేసుకుని బదులివ్వాలి. అన్నది ఎవరికీ అర్థం కాకపోతే విసిగిపోయి ఇక ప్రయత్నమే మానేస్తారు. లోపల గడియ పెట్టేసుకున్న వాళ్ళను చూశాను నేను."

ఫుసాయె గుండెలో ఆ మాట ముల్లులా దిగింది. ఆ రోజునుంచి అన్న పెదవి కదిలితే చాలు, చేతిలో ఏమున్నా కింద పెట్టేసేది.

డిసెంబరులో ఒక ఆదివారం అందరూ కలిసి ఆయన్ని ఆటల హాలుకు తీసుకెళ్ళారు. క్యూసాకు కొత్తగా దారంతో కుట్టిన తోకతో విమానం వదిలాడు. మొదటి మలుపులో దారం లాగింది, చెక్క చీలింది, రెక్క ఊడి విమానం నేరుగా వెళ్ళి బంతి వేసే బుట్ట వెనక బల్లకు గుద్దుకుంది. యసుహెయి ఎడమచెయ్యి పైకి లేచి నుదుటికి తగిలింది. నోరు వంకర తిరిగింది.

"కామి," అన్నాడు.

చిహారు ఏడ్చేసింది. క్యూసాకు విమానం ముక్కలు వదిలేసి పరిగెత్తుకొచ్చాడు. ఫుసాయె అన్న మోకాళ్ళ ముందు కూలబడి "ఏంటన్నయ్యా, మళ్ళీ అను, మళ్ళీ అను" అంది. "కామి," అన్నాడాయన, ఈసారి కాస్త కోపంగా. అంతా చప్పట్లు కొట్టారు. ఇంటికొచ్చాక గాని తెలిసిరాలేదు, అసలు చిక్కు అక్కడే ఉందని.

తెలుగు చెవికి ఆ మాట ఎలా వినబడినా, వాళ్ళ భాషలో దేవుడన్నా కామి, వెంట్రుకలన్నా కామి, కాగితమన్నా కామి. చుట్టూ నాలుగు మాటలుంటే ఏది ఏదో తెలుస్తుంది. ఆ నాలుగు మాటలే కదా యసుహెయికి లేనివి.

"నాన్న దేవుణ్ణి తలుచుకున్నాడు అత్తయ్యా," అంది చిహారు కళ్ళు తుడుచుకుంటూ.

"మీ నాన్నా? కొత్త సంవత్సరం రోజున కూడా జనాన్ని గుడి మెట్ల దగ్గర దింపి, తను బస్సులోనే కూర్చుని వేరుశనగలు తిన్న మనిషి!"

"జబ్బు చేస్తే మనుషులు మారతారు."

మర్నాడే చిహారు గుడికి వెళ్ళి తాయెత్తు తెచ్చి కుర్చీకి కట్టింది. యసుహెయి దాన్ని ఎడమచేత్తో పీకి టీ కప్పులో వేశాడు.

"చూశావా," అంది ఫుసాయె. "దేవుడు కాదు. చెయ్యి తలమీదకి పోలా? జుట్టు పెరిగి చిరాగ్గా ఉందన్నమాట. చంటిపిల్లాడు సైగ చేసినా తెలుస్తుంది, మీకు తెలీదు." తన తెలివికి తనే మురిసిపోయి, అన్నను మంగలి షాపుకు తోసుకెళ్ళింది. మంగలి శుభ్రంగా, తలంతా నున్నగా కత్తిరించేశాడు. యసుహెయి అద్దంలో తన గుండు చూసుకుని, ఆ అద్దంలోంచే చెల్లెల్ని చూసిన చూపుకు ఫుసాయె తల దించుకుంది. దారిపొడుగునా "కామి! కామి!" అని కుర్చీ చెయ్యి మీద గుద్దుతూనే ఉన్నాడు.

ఇక మిగిలింది క్యూసాకు. అతనికి ఈ లోకంలో ఏది విన్నా విమానమే వినబడుతుంది. "వెంట్రుకే, కాని కత్తిరించమని కాదు. దారం లావై చెక్కను చీల్చింది కదా? వెంట్రుకతో కుట్టమన్నాడు. అబ్బ, బావ బుర్రే బుర్ర!" అని తేల్చాడు. ఆ పొద్దున సూపు గరిటె కింద పెట్టి ఫుసాయె ముడి విప్పింది అందుకే.

వెంట్రుకలు కుట్టు పట్టాయి, ముడి పట్టలేదు. జారిపోయాయి. తర్వాతి ఆదివారం విమానం క్యూసాకు చేతిలోంచి లేచిందో లేదో రెక్క కిందికి వేలాడింది. నేలమీద పడ్డదాన్ని అతను తెచ్చి బావ ఒళ్ళో పెట్టాడు. నెరిసీ నెరవని ఫుసాయె వెంట్రుకలు తోకలోంచి పిల్లి మీసాల్లా పొడుచుకొచ్చాయి. యసుహెయి వాటివంక చూశాడు. చెల్లెలి వంక చూశాడు. బావమరిది వంక చూశాడు. నుదురు కూడా కొట్టుకోలేదు. మొహం గోడవైపు తిప్పేసుకున్నాడు.

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నట్టు, ఆ రోజునుంచి ఆ ఒక్క మాటా పోయింది. పిలిచినా పలకడు. మాట నేర్పే అమ్మాయి బొమ్మలు చూపిస్తే కళ్ళు మూసుకుంటాడు. ఒక వారం, రెండో వారం. ఫుసాయెకు తలప్రాణం తోకకొచ్చింది. అన్నమీద కోపం, మొగుడిమీద కోపం, విమానాలు కనిపెట్టిన వాడిమీద కోపం. వాటన్నిటి అడుగున భయం. లోపల గడియ పడే చప్పుడు తనకు వినిపిస్తున్నట్టే ఉండేది.

సంవత్సరం ఆఖరి రోజుల్లో క్యూసాకు ఏటా చేసినట్టే బావ ఇంటి తలుపులకు పాత కాగితం తీసేసి కొత్తది అతికి వెళ్ళాడు. గది తెల్లగా వెలిగిపోతోంది. చిహారు ఆఫీసుకెళ్ళాక ఫుసాయె అన్న దగ్గర కూర్చుని గంజి తినిపించబోయింది. యసుహెయి నోరు తెరవలేదు. బతిమాలింది. తెరవలేదు. అంతే, ఆవిడకు ఎక్కడలేని ఉక్రోషం తన్నుకొచ్చింది. చెంచా గిన్నెలో పడేసింది.

"చాల్లే అన్నయ్యా! నీకొక్కడికేనా విసుగు? తాయెత్తు కట్టాం, కాదన్నావు. జుట్టు కత్తిరించాం, కాదన్నావు. నా నెత్తిమీది వెంట్రుకలు పీకి ఇచ్చానయ్యా నీకు! అదీ కాదన్నావు. మేం మొద్దులమే, ఒప్పుకుంటున్నా. మొద్దులకు చెప్పినట్టు చెప్పొచ్చుగా? ఏ కామి అన్నయ్యా? ఏ కామి?"

యసుహెయి ఎడమచేత్తో చక్రం తిప్పుకుని మెల్లగా తలుపుదాకా వెళ్ళాడు. వేలు చాపాడు. కొత్తగా అతికిన తెల్లటి తలుపులోకి టప్పున పొడిచాడు.

ఆ దేశంలో ఈ పని చేసి వీపు మీద దెబ్బ తినని పిల్లలుండరు. చిన్నప్పుడు యసుహెయి పొడిచిన కంతలకు ఫుసాయె కూడా దెబ్బలు తినేది. "అయ్యయ్యో! చిన్నపిల్లాడివా? నిన్నగాక మొన్న అతికాడు!" అని లేచింది. ఆయన తలుపు చట్రంలో పక్క గడిలో ఇంకో కంత పొడిచాడు. మూడోదానిలో వేలు పెట్టి బద్దలాగా కిందికి చీల్చి లాగాడు. ఆ చీలికను చెల్లెలి ముక్కు ముందు పెట్టి ఇటు మడిచాడు, అటు మడిచాడు. ఇటు, అటు.

"కామి," అన్నాడు.

ఫుసాయె ఆ చీలిక అంచు పట్టుకుని తనూ ఇటూ అటూ మడిచింది. "కాగితం," అంది. "అన్నయ్యా, కాగితమా?"

యసుహెయి గుండు తల కిందికీ పైకీ ఊగింది. కళ్ళవెంట నీళ్ళు కారుతుంటే తుడుచుకోలేదు. ఫుసాయె తుడిచింది. గంజి మొత్తం తిన్నాడు.

చిహారు తిరిగి రాగానే ఫుసాయె సైకిలెక్కి మొగుడి కొట్టుకు వచ్చిపడింది. క్యూసాకు ఒక మడత తెర నేలమీద పరిచి, దాని పలకల మధ్య పిండిజిగురు రాస్తున్నాడు.

"కాగితమట!"

"ఏ కాగితం?"

"ఏ కాగితమేంటి నా మొహం! అన్నయ్య అన్నది కాగితమని. కామి అంటే కాగితం."

క్యూసాకు బుర్ర గోక్కున్నాడు. "ఉత్త కాగితం అని ఎవరంటారే?"

అక్కడుంది గుట్టు. ఆ కొట్టులో పల్చనిదానికి ఒక పేరు, దిట్టమైనదానికి ఒక పేరు, తలుపుది వేరు, తెరది వేరు, ఏ వాగు నీళ్ళలో నానిందో దాన్నిబట్టి మళ్ళీ వేరు. ఉత్త 'కామి' అనే మాట బయటివాళ్ళది. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ కాగితంలో బతికిన మనిషికి ఆ మాట వింటే దేవుడు తోచాడు, వెంట్రుకలు తోచాయి, కాగితం మాత్రం తోచలేదు.

"సరే, కాగితమే అనుకో. కాగితంతో మడతబందేంటి, చిరిగి..." అంటూ ఆగిపోయాడు. చేతిలో కుంచె అలాగే ఉంది. తన ముందు పరిచి ఉన్న తెరవంక చూశాడు. రెండు పలకలు. మధ్యలో ఇనుము లేదు, తోలు లేదు. పట్టీలుగా కోసిన కాగితం. ఒక పట్టీ ఈ పలక ముందునుంచి ఆ పలక వెనక్కి, దాని పక్కది వెనకనుంచి ముందుకి. తెర ఇటూ మడుచుకుంటుంది, అటూ మడుచుకుంటుంది, మధ్యలో సందు కూడా కనబడదు. వాళ్ళ తాతలనాటినుంచీ చేస్తున్న పని. చంకలో పిల్లణ్ణి పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే.

"బావ ఈ మాట ఎప్పుడో అన్నాడే," అన్నాడు మెల్లగా. "మన పెళ్ళయిన కొత్తలో. తాతముత్తాతల పని తెచ్చి ఆటబొమ్మకు అంటించనని నేనే కసిరాను. మళ్ళీ అనలేదు."

"ఇన్నేళ్ళకు మళ్ళీ అన్నాడు. నోట్లో ఒక్కటే మాట మిగిలితే దాన్ని మీకోసం వాడాడు. ఇకనైనా లేవండి!"

కొత్త సంవత్సరం వెళ్ళాక మొదటి ఆదివారం ఊళ్ళోవాళ్ళు కొందరు కూడా చూడ్డానికి వచ్చారు, ఆటల హాల్లో నోరు తెరిస్తే పొగలు వస్తున్నాయి. మూలన కిరసనాయిలు పొయ్యి ఒకటి గుడ్డిగా మండుతోంది. యసుహెయిని దాని పక్కన కూర్చోబెట్టి మెడకు మఫ్లరు చుట్టారు. విమానం తోకలో కదిలే పలకా కదలని పలకా కాగితపు పట్టీలతో అతుక్కుని ఉన్నాయి, ఒకటి పైనుంచి కిందికి, ఒకటి కిందనుంచి పైకి. విమానాన్ని దూరంనుంచి నడిపే పెట్టెను క్యూసాకు తన దగ్గర ఉంచుకోలేదు. బావ ఒళ్ళో పెట్టి, ఎడమ బొటనవేలు పుల్లమీద ఆనించాడు.

"నేను వదులుతా. నువ్వు తిప్పు."

"ఆయన చెయ్యి..." అనబోయింది చిహారు.

"ఎడమది బాగానే ఉందిగా. తలుపు పొడవడానికి వచ్చిన వేలు దీనికి రాదా?"

విమానం లేచింది. గోడదాకా వెళ్ళింది. అందరూ ఊపిరి బిగబట్టారు. తోక రెక్క కదిలింది, విమానం తిరిగింది. మళ్ళీ తిరిగింది. రెక్క ఊడలేదు, వణకలేదు. ముక్కు కాస్త పైకెత్తుకుని, బద్ధకంగా, హాలంతా చుట్టి వేదిక ముందు వచ్చి వాలింది. చప్పట్లే చప్పట్లు. చిహారు తండ్రి భుజం పట్టుకుని ఊపేసింది. ఫుసాయె మాత్రం అన్న మొహమే చూస్తోంది. ఆ మొహంలో సంతోషం లేదు. కనుబొమలు ముడిపడ్డాయి. పెదవి వంకర తిరుగుతోంది.

"అ... అత్సు," అన్నాడు. "అత్సుయి!"

రెండో మాట! హాలంతా ఒక్కసారి కదిలింది. అత్సుయి అంటే వేడిగా ఉందని. చిహారు గబగబా మఫ్లరు లాగేసింది. ఎవరో వెళ్ళి పొయ్యి ఆర్పేశారు. క్యూసాకు బావ కోటు గుండీలు విప్పడం మొదలుపెట్టాడు. "చల్లటి నీళ్ళు తెండి!" అని ఇంకెవరో అరిచారు. ఆ చలిలో యసుహెయి పళ్ళు టకటకలాడాయి. "అత్సుయి!" అన్నాడు మళ్ళీ, ఈసారి దాదాపు ఏడుస్తూ.

ఫుసాయె గబుక్కున అన్నకూ వాళ్ళకూ మధ్యకు వచ్చింది. మళ్ళీ అదే. మళ్ళీ తాయెత్తు, మళ్ళీ మంగలి. ఈసారి గడియ పడితే ఇక తెరుచుకోదు.

"ఆగండి!" అని అరిచింది. "ఆయన్ని ముట్టుకోకండి! ఒక్క క్షణం ఎవరూ ఏమీ చెయ్యకండి!"

అందరూ ఆగారు. అన్న కళ్ళు కోటుమీద లేవు, పొయ్యిమీద లేవు. వేదిక ముందు పడి ఉన్న విమానం తోకమీదున్నాయి. ఫుసాయె వెళ్ళి దాన్ని చేతిలోకి తీసుకుంది. తోక రెక్కను వేలితో పైకి కదిపింది, కిందికి కదిపింది. కాస్త బిర్రుగా ఉంది. తోక చేతిలో కుంగుతోంది. మొగుడి పని తనకు తెలియనిది కాదు. అలవాటు చొప్పున ఆయన తెరకు వేసే కాగితమే వేశాడు. మనిషంత ఎత్తు పలకల్ని మోసే కాగితం.

వాళ్ళ భాషలో వేడిగా ఉందన్నా అత్సుయి, మందంగా ఉందన్నా అత్సుయి.

"వేడి కాదు," అంది ఫుసాయె. "మందం. కాగితం మందంగా ఉంది. అంతేనా అన్నయ్యా?"

యసుహెయి కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. తెరిచాడు. ఎడమచెయ్యి పైకి లేచి నుదుటికి టపీమని తగిలింది, ఆరోగ్యంగా ఉన్న రోజుల్లో తగిలినట్టే.

క్యూసాకు మొహం ఎర్రబడింది. బావ కోటు వదిలేసి నడుంమీద చేతులు పెట్టుకున్నాడు.

"మందమా? ఇది మందమా? ఎగిరిందిగా! అందరూ చూశారుగా! ఈ జన్మలో మొదటిసారి ఊడకుండా తిరిగొస్తే, మందమంటావా? ఇంతకంటే పల్చటిది వేస్తే ఊదితే చిరుగుతుంది, తెలుసా నీకు?"

"అత్సుయి."

"నేను చచ్చినా వెయ్యను!"

"అత్సుయి."

"వేస్తాలే! ఉల్లిపొర వేస్తా! చిరిగాక అప్పుడు చెప్తా నీ సంగతి!"

ఫుసాయె పొయ్యి మళ్ళీ వెలిగించమంది. మఫ్లరు తెచ్చి అన్న మెడకు చుట్టింది. పెళ్ళయిన నాటినుంచీ ఈ ఇద్దరి గొడవ ఎప్పుడు ఆగుతుందా అని విసిగిపోయిన మనిషి, ఇద్దరి మధ్యా ఒక కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఇంకా ఏం బాగాలేదో చెప్పన్నయ్యా," అంది. "ఒక్కొక్కటీ చెప్పు. ఆయన వింటాడు."